దేవునర్రలోకి పోయిన ఎండ

పెళ్లయి జహీరాబాద్ వచ్చేనాటికి నాకు చదవడం వచ్చు గానీ, బడి లోపల ఎట్లా ఉంటుందో తెలియదు. మా అన్న పలక ముందు పెట్టుకొని పాఠం వల్లిస్తుంటే, ఎదురుగా కూర్చొని అక్షరాలు పట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్నందువల్ల అన్నీ తలకిందులుగా నేర్చుకున్నాను. ఇప్పటికీ పుస్తకాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా చదవగలను. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి మా ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మంచిదే. ఒక్క పుస్తకం తెస్తే ఇద్దరం ఎదురుబొదురు కూసొని చదువుకోవచ్చు" అన్నాడు.

ఆయన రైల్వే స్టేషన్‌లో సరుకుల గుమాస్తా. స్టేషన్‌కు పోయే దారిలో, తెలుగు మీద ప్రేమ ఉన్న కొందరు దుకాణదారులు కలిసి నడిపే గ్రంథాలయం ఉండేది. ఒకటే గది, రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల. ఆడవాళ్లు అక్కడికి పోయే అలవాటు లేదు. అందుకని పుస్తకాలు ఆయన అన్నం డబ్బా సంచిలో వచ్చి, అదే సంచిలో తిరిగి పోయేవి. కొన్నిటికి మామిడికాయ తొక్కు వాసన అంటుకునేది. ఏది దొరికితే అది చదివాను. తేనెటీగల పెంపకం చదివాను, జపాన్ దేశపు చరిత్ర చదివాను, కళ్ల జబ్బుల మీద పుస్తకం రెండుసార్లు చదివాను. గల్లీలో ఎవరికైనా కంటికలక వచ్చిందంటే నాకు పండుగ.

ఒకనాడు సంచిలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి వచ్చింది. చిన్నపిల్లలు ఆడుకుంటూ ప్రకృతి శాస్త్రం ఎట్లా నేర్చుకోవచ్చో అందులో రాశారు. పటాల్లో పిల్లలందరికీ కాళ్లకు బూట్లు ఉన్నాయి, ముందు బల్ల ఉంది, బల్ల మీద గాజు పాత్రలు ఉన్నాయి. మా గల్లీ పిల్లలకు ఈ మూడూ లేవు. అయినా నీళ్లున్నాయి, ఎండ ఉంది, మట్టి ఉంది. లడాయి రోజులు, యుద్ధం వల్ల సామాను దొరకని రోజులు కాబట్టి పగిలిన లాంతరు చిమ్నీలను కూడా ఎవరూ పారేయకుండా దాచుకునేవారు. గాజు పాత్ర అన్నచోటల్లా నేను పగిలిన చిమ్నీ అని చదువుకున్నాను.

మేము ఉండేది ఒక పెద్దామె ఇంట్లో, కిరాయికి. అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారు. పుట్టిల్లు బీదర్ అవతల. అత్తవారి పొలం న్యాల్‌కల్ దిక్కున ఉండేది. కూరగాయలు బేరం చేసేటప్పుడు ఉర్దూ, దేవునికి మొక్కేటప్పుడు మరాఠీ, కోపం వస్తే కన్నడం. తెలుగు మాకోసం మిగిలేది. ఆమె వీధి అరుగు ఊళ్లోనే పెద్దది. రోజూ పగటి అన్నాలయ్యాక అక్కడ పిల్లలను కూర్చోబెట్టుకుంటానని అడిగాను.

"కూసోబెట్టుకో" అంది అవ్వ. "గానీ ఒక మాట ఇను. నా దేవునర్రల ఎవ్వడూ అడుగు పెట్టొద్దు. నా సామాన్ ముట్టొద్దు. ఒక్కటి చెడగొట్టిన్రా, అరుగు బంద్."

దేవునర్ర అంటే ఆమె పూజగది. ఆ షరతు నాకు చిన్నదిగా తోచింది. అరుగు మాత్రం చిన్నది కాదు. పిల్లలకు అది ఆట. నాకు అది నేను పోని బడి. ఆ అరుగు పోతే నాకు మళ్లీ బడి దొరకదని నాకు బాగా తెలుసు.

వచ్చేవాళ్లు ఐదారుగురు. అందరూ బడికి పోయే ఈడు రానివాళ్లు, వచ్చినా ఎవరూ పంపనివాళ్లు. వాళ్లలో ముందుండేది అవ్వ మనవరాలు. పాలపళ్లు ఊడే వయసు, ప్రశ్నలు మాత్రం నిండుగా ఉండేవి. ఆమె పక్కనే ఎదురింటి దర్జీ గారి అబ్బాయి. వాళ్ల ఇంట్లో ఉర్దూ. మా దగ్గర తెలుగు మాట్లాడాలంటే ముందు గొంతు సవరించుకునేవాడు. నన్ను ఖాలా, అంటే పిన్ని, అనేవాడు.

మొదటి రోజు గ్లాసు నిండా నీళ్లు పోసి, మీద కాగితం మూసి, తలకిందులు చేస్తే నీళ్లు పడవని చూపించాలి. పుస్తకంలో పడలేదు. నా చేతిలో పడ్డాయి. కింద ఉన్నది ఉతికి పెట్టిన మా ఆయన అంగీ. రెండోసారీ పడ్డాయి. మూడోసారి నిలిచాయి గానీ, అప్పటికి పిల్లలకు నీళ్లు పడటమే ఆటలో అసలు భాగమని అర్థమైపోయింది. నిలిచినప్పుడు ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు.

సాయంత్రం మా ఆయన తడి అంగీ పట్టుకొని, "గాలికి బలమున్నదని చెప్పుడు మంచిదే. రేపటి పాఠానికి ఏ బట్టలు కావాలో జర పొద్దుగాలనే చెప్పు, తీసి పెట్టిపోత" అన్నాడు.

మునిగేవి, తేలేవి చూశాం. బెండు తేలింది, చింతగింజ మునిగింది. దర్జీ గారి అబ్బాయి ఇంటి నుంచి తెచ్చిన బొత్తం మునగనా వద్దా అన్నట్టు చాలాసేపు నడుమనే నిలిచింది. తరువాత అద్దం పాఠం. దర్జీ దుకాణంలో కొత్త షేర్వానీ తొడుక్కొని చూసుకునే నిలువుటద్దం ఒకటి పగిలితే, పలకంత ముక్కను ఆయన అంచులు అరగదీసి కొడుక్కి ఇచ్చాడు. దాంతో ఎండను పట్టి గోడ మీదికి విసిరితే, ఎండ ముక్క గోడంతా ఎగురుతూ తిరిగేది. పిల్లలు దానికి ఎండపిట్ట అని పేరు పెట్టారు. వెలుతురు తగిలి మళ్లుతుందని నేను చదివింది చెప్పాను. వాళ్లు ఎండపిట్టను పట్టుకోవడానికి గోడలెక్కారు.

భాద్రపదం చివర్లో మొలకల పాఠం చేశాం. రెండు మూకుళ్లలో తడి మట్టి పోసి జొన్నలు చల్లాం. ఒకటి అరుగు మీద ఎండలో పెట్టాం, ఒకటి కుండ కింద బోర్లించాం. కొన్నాళ్లకు కుండ ఎత్తి చూస్తే, లోపలి మొలకలు పొడుగ్గా సాగి, పాలిపోయి పసుపు రంగులో ఉన్నాయి. ఎండలోవి పొట్టిగా, ముదురు ఆకు రంగులో గట్టిగా నిలబడ్డాయి.

అవ్వ మనవరాలు కుండ కింది మొలకలను వేలితో నిమిరింది. "గివి గిట్ల ఎందుకైనయి చిన్నమ్మా?"

"ఎండే మొక్కకు బువ్వ, బిడ్డా. వీటికి బువ్వ దొరకలేదు" అన్నాను. పుస్తకంలో ఇంత ముద్దుగా లేదు. ఈ మాట నేనే కట్టి చెప్పినందుకు లోపల చాలా మురిసిపోయాను.

"పాపం" అంది ఆ పిల్ల.

ఆశ్వయుజం వచ్చింది. మా గల్లీలో ఆడపిల్లలంతా బతుకమ్మ కోసం గునుగు, తంగేడు ఏరుతుంటే, అవ్వ ఇంట్లో ఇంకో ముచ్చట. ఆమె పుట్టింటివాళ్ల ఆచారం ప్రకారం పాడ్యమినాడు ఘటం కూర్చోబెడుతుంది. వెదురు పళ్లెంలో ఆకు పరిచి, పొలం నుంచి తెప్పించిన నల్లమట్టి జల్లించి పోసి, జొన్నలు, గోధుమలు చల్లి, నడుమ నీళ్ల కుండ పెడుతుంది. కుండ ఊటకే గింజలు మొలుస్తాయి. దసరా దాకా దాన్ని కదపకూడదు. పక్కన కుసుమ నూనె దీపం ఆరకూడదు. దేవునర్రకు కిటికీ లేదు. ఆ చీకట్లో మొలకలు బంగారు తీగల్లాగ వస్తాయి. ఎంత బంగారు రంగు వస్తే అంత అమ్మవారి దయ. దసరానాడు వాటిని కోసి ఆడవాళ్లు కొప్పులో, మగవాళ్లు టోపీలో పెట్టుకుంటారు. అవ్వ ఇంటి మొలకల రంగు మరే ఇంట్లోనూ రాదని పేరు. ఆ పేరు అవ్వే చెప్పుకునేది, కానీ అబద్ధం కాదు.

పగలు అవ్వ ఉపవాసంతో అలసి, లోపలి వసారాలో చెయ్యి తలకింద పెట్టుకొని ఒరిగేది. దీపం కొండెక్కకుండా చూసే పని మనవరాలిది. గడప అవతలే కూర్చొని చూడాలి, లోపలికి పోకూడదు. ఆ వారం పిల్లల్లో సగం మంది అరుగు మీదికి రాలేదు. పూలు ఏరబోయారని అనుకున్నాను.

అష్టమినాడు పొద్దున ఇంకో దీపం కూడా పట్టుకొని, కుండకు కొత్త పూలదండ కట్టడానికి పోయిన అవ్వ, "అయ్యో శివనే!" అని ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచింది. కన్నడం వినగానే మా ఆయన చేతిలో చెంబు కింద పెట్టాడు. ఇద్దరం పరుగెత్తాం.

గడప దగ్గర నిలబడి చూశాను. వెదురు పళ్లెంలో వెనక సగం ఎప్పటిలాగే బంగారు రంగు. గడప వైపు సగం ఆకు రంగు. అంతేకాదు, ఆ సగం మొలకలన్నీ తలుపు వైపు ఒరిగి ఉన్నాయి.

"సూసినవా" అంది అవ్వ. "అమ్మోరు తలుపు దిక్కు మర్లింది. ఇంట్లకెల్లి పోతున్నది. నా చేతుల మీద ఎన్నడన్న గిట్ల అయ్యిందా?"

నేను సంతోషం ఆపుకోలేకపోయాను. ఇట్లాంటి దుఃఖానికి సరిగ్గా సరిపోయే పేజీ నా దగ్గర ఉంది. "ఉండు అవ్వా" అని గదిలోకి పోయి అట్ట లేని పుస్తకం తెచ్చి, మొక్కలు వెలుతురు వచ్చే దిక్కుకు ఎందుకు వంగుతాయో గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

అవ్వ నాలుగు వాక్యాలు ఓపిక పట్టింది. "నీ పుస్తకంల అమ్మోరు పేరు ఉన్నదా?"

"లేదవ్వా."

"ఘటం పేరు?"

"లేదు."

"మరి నా ఎదుట ఎందుకు సదువుతున్నవే? ఇంకో మాట. వెల్తురు దిక్కుకు వంగుతదంటివి. నా దేవునర్రల వెల్తురు యాడిది?"

ఇది మంచి ప్రశ్న. పుస్తకంలో దీనికి జవాబు లేదు. జవాబు వాకిట్లో, వేపచెట్టు చాటున అద్దం వెనక్కి దాచుకొని నిలబడి ఉంది.

దర్జీ గారి అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "నేన్ లోపటికి రాలే దాదీ. గడప గూడ ముట్టలే. ఈడనే నిలబడ్డ. ఎండనే పోయింది."

అవ్వ మనవరాలు గడప దగ్గరి నుంచి లేచింది. వాళ్లిద్దరూ ఇన్నాళ్లూ పగటిపూట చేసిన పని అప్పుడు బయటపడింది. అవ్వ ఒరగగానే ఈ పిల్ల తలుపు బార్లా తెరిచేది. వాడు వాకిట్లో ఎండ ఉన్నచోట నిలబడి ఎండపిట్టను లోపలికి పంపేవాడు. ఎండ జరిగితే వాడూ జరిగేవాడు. చేయి నొప్పి పుడితే చెయ్యి మార్చుకునేవాడు. వాళ్లు ఒక్క వస్తువు ముట్టలేదు, ఒక్క అడుగు లోపల పెట్టలేదు. అవ్వ షరతును ఊళ్లో ఇంత శ్రద్ధగా పాటించినవాళ్లు మరొకరు లేరు.

"ఎందుకు చేసినవే?" అంది అవ్వ మనవరాలితో.

"ఎండే బువ్వ గదా అవ్వా. చిన్నమ్మ చెప్పింది. నువ్వైతే ఉపాసమున్నవ్. గవి ఎందుకుండాలె?"

అందరూ నా వైపు చూశారు. మా ఆయన కూడా చూశాడు. పుస్తకం మూశాను.

అవ్వ వంగి దీపం ఒత్తి ఎగదోసింది. తరువాత చాలా మెల్లగా, కన్నడం కాదు, తెలుగులోనే అంది: "అరుగు బంద్. ఇగ మీ ఆటలు మీమీ ఇండ్లల్ల ఆడుకోండ్రి."

తిట్టి ఉంటే బతిమాలేదాన్ని. మెల్లగా అన్న మాటకు ఏం చేయాలో తెలియలేదు. ఆ పగలు అరుగు మీద ఎవరూ లేరు. ఎండలో పెట్టిన మూకుడులో మా జొన్న మొలకలు మాత్రం ఉన్నాయి. మా ఆయన అంగీ తగిలించుకుంటూ, "నీ శాస్త్రం అంతా బరాబర్ ఉన్నది. అవ్వకు ముందుగాల చెప్పుడొక్కటే మరిచిపోయింది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అవ్వకు అసలు భయం అమ్మవారిది కాదని దసరానాడు తెలిసింది. అవ్వ ఆడబిడ్డ కోహీర్‌లో ఉండేది. ఏటా దసరాకు బండి కట్టించుకొని వచ్చి, వదిన ఇంటి మొలకలు కొప్పులో పెట్టుకొని, ఏదో ఒక వంక పెట్టి పోయేది. ఒక ఏడు నైవేద్యం ఉప్పగా ఉందంది, ఇంకో ఏడు దీపం చిన్నగా ఉందంది. మొలకల రంగుకు మాత్రం ఎన్నడూ వంక దొరకలేదు.

పగటి పూజ కాగానే గల్లీ ఆడవాళ్లు వరుసగా వచ్చారు. అవ్వ దేవునర్ర తలుపు సగం మూసి, తనే అడ్డంగా నిలబడి, వెనక సగం నుంచి బంగారు మొలకలు తెంపి ఇస్తోంది. ఎప్పుడూ పిడికెడు ఇచ్చే మనిషి, నాలుగు పోగులు ఇస్తోంది.

"ఏందవ్వా, ఈసారి గింతంతనేనా?" అన్నారొకరు.

"గింతే మొలిచింది" అంది అవ్వ, గోడ వైపు చూస్తూ.

ఎంత పొదుపుగా ఇచ్చినా బంగారం అయిపోయింది. అది అయిపోయాకనే కోహీర్ బండి వచ్చింది. ఆడబిడ్డ కాళ్లు కడుక్కొని, నేరుగా వచ్చి, కొప్పు ముడి వదులు చేసి తల వంచింది. "పెట్టు వదినా."

అవ్వ చేతులు ఖాళీ. అంత నోరున్న మనిషి అట్లా నిలబడిపోవడం నేను మరెప్పుడూ చూడలేదు. నా చేతిలో పుస్తకం లేకపోవడం మంచిదైంది.

అప్పుడు అవ్వ చీర కుచ్చిళ్ల పక్క నుంచి మనవరాలు దూరి వచ్చింది. రెండు చేతుల నిండా ఆకు రంగు మొలకలు. జమ్మి ఆకు ఇచ్చేటప్పుడు పిల్లలు ఎట్లా వంగుతారో అట్లా వంగి, "బంగారం తీస్కో అమ్మమ్మా" అంది.

ఆడబిడ్డ తల ఎత్తి చూసింది. "ఇదేం బంగారమే? ఆకు రంగున్నది?"

"జమ్మి గూడ ఆకు రంగే గదా. దాన్ని బంగారమంటరు గదా? మరి దీన్ని ఎందుకనరు?"

అవ్వ కళ్లు మూసుకుంది. ఆడబిడ్డ పిల్లను ఎగాదిగా చూసి, మొలకలను వేళ్లతో నిమిరి, తరువాత వంగిన నడుం ఊగేటట్టు నవ్వింది. "ఓ వదినా! ఇది నీ పోలిక కాదు, నా పోలిక. జవాబులేని మాట అన్నది." మొలకలను కొప్పులో దోపుకుంది. "పొలంల జొన్న గిదే తీరుంటది. ఈ ఏడు పంట మంచిగొస్తదని అమ్మోరు చెప్తున్నది. నా కోడలుకు గూడ ఇన్ని ఇయ్యి."

అవ్వ కళ్లు తెరిచింది. "అవును మరి" అంది, గొంతు సరి చేసుకొని. "పంట తీరు మొలవాలెనని నేనే గట్ల చేయించిన."

నేను నోరు తెరిచాను. మా ఆయన నా వైపు చూశాడు. మూసుకున్నాను. అంతకుముందు నాలుగు పోగులు పట్టుకొని పోయిన ఆడవాళ్లంతా మళ్లీ వెనక్కి వచ్చి పంట మొలకలు అడిగారు. ఎండలో నడిచి వచ్చేసరికి వాళ్ల కొప్పుల్లో బంగారు పోగులు వాలిపోయాయి. ఆడబిడ్డ కొప్పులోవి మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాయి. దీనికీ నా పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఆ రోజు దాన్ని చదవలేదు. నేను కూడా నేర్చుకుంటున్నాను.

అయినా అరుగు సంగతి అవ్వ ఎత్తలేదు. ఘటాన్ని వాగులో కలిపి వచ్చింది. మరునాడు పిల్లలు అరుగు ఎక్కకుండా వీధిలో, అరుగు ముందు వరుసగా నిలబడ్డారు. ఎక్కొద్దు అంది గానీ నిలబడొద్దు అనలేదు కదా అని వాళ్ల లెక్క. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను.

అవ్వ బయటికి వచ్చింది. "ఓ పిలగా, ఆ అద్దం తే."

దర్జీ గారి అబ్బాయి ముఖం వాడిపోయింది. పగలగొడుతుందనే అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను. వాడు అద్దం ఇవ్వబోతే అవ్వ తీసుకోలేదు. "నాకెందుకు? నువ్వు నిలబడ్డ జాగలనే నిలబడు. నాకు అమ్మోరు మొఖం జర మంచిగ సూడాలె. నేనీ ఇంటికి కోడలుగ వచ్చిన కాంచి దీపం వెల్తుర్లనే సూసిన."

వాడు వేపచెట్టు పక్కన నిలబడి, గొంతు సవరించుకొని, అద్దం తిప్పాడు. ఎండపిట్ట వాకిలి దాటి, గడప దాటి, దేవునర్రలోకి పోయింది. అమ్మవారి ముక్కుపుడక మెరిసింది. అవ్వ చేతులు జోడించింది. చాలాసేపు చూసింది. తరువాత ఆమె చూపు అమ్మవారి మీది నుంచి మెల్లగా గోడ మీదికి జరిగింది.

"అయ్యో శివనే! ఎంత మసి!"

ఎన్నేళ్ల దీపాల మసో, గోడ నల్లగా నూనె కారుతోంది. అవ్వ నన్ను పిలిచింది. "నీ ఎండే గదా సూపెట్టింది. నువ్వే సున్నమెయ్యాలె. రేపే."

"వేస్తానవ్వా" అన్నాను. "అరుగు?"

"సున్నం యాడ తడుపుతవ్? నెత్తి మీదనా? అరుగు మీదనే."

అట్లా మా బడి మళ్లీ తెరుచుకుంది. మరునాడు అరుగు మీద పెద్ద బాన పెట్టి, సున్నపురాళ్లు వేసి, నీళ్లు పోశాం. పిల్లలెవరూ దగ్గరికి రాకుండా అవ్వ చేతికర్ర అడ్డం పెట్టి నిలబడింది. మొదట ఏమీ కాలేదు. తరువాత రాళ్లు చిటపటమని పగిలి, కింద మంట లేకుండానే నీళ్లు కుతకుత ఉడికి, పొగలు లేచాయి. పిల్లలు కర్ర మీదుగా మెడలు చాచి అరిచారు. ఈసారి మాత్రం చప్పట్లు కొట్టారు.

అవ్వ నా వైపు తిరిగింది. "గిది నీ పుస్తకంల ఉన్నదా?"

"ఉందవ్వా."

"మరి సూస్కుంట నిలబడ్డవేందే? సదువు."

పుస్తకం తెచ్చి మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు దాటాయి, పేజీ కూడా తిప్పాను. అవ్వ కర్ర మీద గడ్డం ఆనించి వింటోంది. నడుమ ఒక్కసారే అడ్డం వచ్చింది.

"జర గట్టిగ సదువే. సున్నం ఉడుకుతుంటే ఇనబడ్తలేదు."